మాయా శాసనాల్లో జంతువు తల కనిపిస్తే ఏమని చదవాలి?

ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్కారం. మధ్య అమెరికా దేశమైన హోండురాస్‌లో, ప్రాచీన మాయా ప్రజల నగరమైన కోపాన్ శిలాస్తంభాల ఫొటోలు చూస్తుంటే గడి గడికీ ఏదో ఒక జంతువు తల కనిపిస్తోందని, జాగ్వార్ తల ఉన్నచోట జాగ్వార్ అని, గబ్బిలం తల ఉన్నచోట గబ్బిలం అని చదివితే సరిపోతుందా అని మీరు అడిగారు. ఏది ఏ జంతువో పోల్చుకోవడానికి గుర్తులేమిటని, అక్కడి ఒక రాజుకు "పద్దెనిమిది కుందేలు" అన్న విచిత్రమైన పేరు ఎలా వచ్చిందని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అలా చదివితే సరిపోదు. మాయా లిపిలో జంతువు బొమ్మ ఆ జంతువు పేరును సూచించవచ్చు, అదే ధ్వని గల మరో పదాన్ని సూచించవచ్చు, లేదా ఏ అర్థమూ లేని ఒక్క అక్షరంగా మాత్రమే నిలవవచ్చు. శాసనాల్లో మొదటి సందర్భం కంటే తక్కిన రెండూ ఎక్కువగా ఎదురవుతాయి. అందువల్ల ముందు ఆ తల చుట్టూ ఉన్న చిన్న చిహ్నాలను, తర్వాత వాక్యంలో ఆ గడి ఉన్న స్థానాన్ని, చివరగా మాత్రమే జంతువును చూడాలి. మన కన్ను సరిగ్గా దీనికి వ్యతిరేక క్రమంలో వెళుతుంది కనుకనే కొత్తవారికి ఈ లిపి కష్టమనిపిస్తుంది. నేను చాలా కాలంగా ఈ శాసనాల రేఖాచిత్రాలు ముందు పెట్టుకొని చదువుతూ, ఆసక్తి ఉన్నవారికి మొదటి పాఠాలు చెబుతూ ఉన్నాను. జంతువుల తలల దగ్గర అందరూ ఒకే రకంగా తడబడటం గమనించాను కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదట లిపి స్వభావం గురించి రెండు మాటలు. ఇందులో సుమారు 800 చిహ్నాలున్నాయి. వాటిలో కొన్ని ఒక పూర్తి పదాన్ని సూచించే పదచిహ్నాలు, మరికొన్ని ఒక హల్లూ ఒక అచ్చూ కలిసిన అక్షరచిహ్నాలు. తెలుగు చదివేవారికి ఈ రెండో రకం వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే క, కు, ట్సు, లు వంటివి మన గుణింతంలోని అక్షరాల్లాంటివే. అయితే ఇక్కడే మనవారు ప్రత్యేకంగా పొరబడే చోటు ఒకటుంది. మాయా పదాలు సాధారణంగా హల్లుతో ముగుస్తాయి, కానీ లిపిలో విడి హల్లుకు గుర్తు లేదు. అందుకని లేఖకులు చివర ఒక అక్షరచిహ్నం రాసి దాని అచ్చును పలక్కుండా వదిలేసేవారు. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడిన మనం ఆ చివరి అచ్చును కూడా పలికేస్తాం. కు-ట్సు అని రాసినదాన్ని కుట్స్ అని చదవాలని నేను మొదటి పాఠంలోనే నొక్కి చెబుతాను. ఇంకో మాట: గొంతు బిగించి పలికే హల్లులు మాయా భాషల్లో విడిగా ఉన్నాయి. తెలుగు లిపిలో వాటికి గుర్తులు లేవు కనుక ఈ సమాధానంలో ఆ తేడా చూపించడం లేదు.

నిజానికి ఈ లిపి రహస్యం విడివడటమే జంతువుల దగ్గర మొదలైంది. మెక్సికోలోని మాయా ప్రాంతమైన యుకటాన్‌లో 1562లో మాయా పుస్తకాలను తగలబెట్టించిన డియేగో డి లాండా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసే 1566 ప్రాంతంలో అక్కడి జీవితం గురించి రాస్తూ, స్పానిష్ అక్షరాలకు సమానమని తాను భావించిన కొన్ని మాయా చిహ్నాల పట్టిక కూడా ఇచ్చాడు. అది అక్షరమాల కాదు, అక్షరచిహ్నాల జాబితా అని గట్టిగా నిరూపించినవాడు సోవియట్ పండితుడు యూరీ క్నోరోజొవ్. 1952లో ఆయన డ్రెస్డెన్ కోడెక్స్ అనే మడత పుస్తకాన్ని తీసుకొని, టర్కీ కోడి బొమ్మకు పైన ఉన్న రెండు చిహ్నాలను పరిశీలించాడు. మొదటిది లాండా పట్టికలోని "కు". యుకటాన్ ప్రాంతపు మాయా భాష అయిన యుకటెక్‌లో అడవి టర్కీని కుట్స్ అంటారు కనుక రెండోది "ట్సు" అయి ఉండాలి. అదే పుస్తకంలో కుక్క బొమ్మ పైన అదే "ట్సు" ముందు వచ్చింది, దాని తర్వాత లాండా పట్టికలో స్పానిష్ "ఎల్" అక్షరానికి ఇచ్చిన చిహ్నం ఉంది, దాన్ని ఆయన "లు" అని చదివాడు. ట్సు-లు అంటే ట్సుల్, పాత యుకటెక్‌లో కుక్క. ఒక జంతువు దగ్గర ఊహించిన విలువ మరో జంతువు దగ్గర సరిపోయింది. రెండు మాటల్లోనూ చివర వదిలేసే అచ్చు పదంలోని అచ్చుతో జోడు కలవడం కూడా ఆయన గమనించాడు. ఆ నియమానికి మినహాయింపులున్నా, చదువుకు అది ఇప్పటికీ మొదటి ఆసరా.

ఇందులో కొత్తవారు గమనించవలసినది ఒకటుంది. బొమ్మలో కుక్క ఉంది, కానీ కుక్క అనే పదాన్ని రాసిన చిహ్నాల్లో కుక్క తల లేదు. బొమ్మ వేరు, లిపి వేరు. రెండింటినీ ఒకే చేయి, ఒకే శైలిలో గీసింది కనుక మనకు కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

ఇక మీరు ప్రస్తావించిన జాగ్వార్ దగ్గరకు వస్తాను. తక్కినవాటితో పోలిస్తే ఇది నిజాయితీ గల జంతువు. నల్లమచ్చలున్న గుండ్రని చెవి, కోరలు, బుగ్గమీద చుక్కలు కనిపిస్తే అది చాలావరకు "బహ్లమ్" అనే పదచిహ్నమే, అర్థం కూడా జాగ్వారే. పలెంకే రాజు కినిచ్ కన్ బహ్లమ్, యాష్చిలాన్ రాజు ఇట్సమ్నాహ్ బహ్లమ్ వంటి పేర్లలో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. లేఖకుడు తల ఒక్కటే చెక్కి ఊరుకోవచ్చు, తల ముందు "బ" లేదా తర్వాత "మ" చేర్చవచ్చు, తల పూర్తిగా మానేసి బ-ల-మ అని మూడక్షరాల్లో రాయవచ్చు. ఇలా పక్కన చేర్చే అక్షరాన్ని నేను తోడక్షరం అంటాను. దాన్ని విడిగా పలకరాదు, తలను ఎలా పలకాలో అది చెబుతుంది. మచ్చల చర్మమే ఉన్నా తోడక్షరాలు వేరుగా ఉంటే, అది "హిష్" అనే మరో పిల్లిజాతి పదం కావచ్చు. కాబట్టి మచ్చలు చూసి తొందరపడవద్దు. ముఖం సగం జాగ్వార్ చర్మంతో కప్పి ఉన్న ఒక చిహ్నం కూడా ఉంది. అందులో జాగ్వార్ ప్రసక్తే లేదు, అది "వాయ్", అంటే మనిషికి నిద్రలో తోడుగా తిరిగే ఆత్మరూపం. 1980ల చివర ఈ పఠనం కుదిరాకే కుండల మీద కనిపించే వింత జంతువుల ఊరేగింపులు దేవతలవి కావని, రాజవంశాలకు సంబంధించిన వాయ్ రూపాలని తెలిసింది.

"పద్దెనిమిది కుందేలు" కథ దీనికి పూర్తిగా విరుద్ధం. కోపాన్‌లో 695లో సింహాసనం ఎక్కి, 738లో కిరిగ్వా రాజు చేతికి చిక్కి తల పోగొట్టుకున్న పదమూడో రాజు పేరులో మూడు అడ్డగీతలు, మూడు చుక్కలు ఉంటాయి. అడ్డగీత ఒక్కొక్కటి అయిదు, చుక్క ఒక్కొక్కటి ఒకటి, కనుక అది 18. దాని పక్కన ముందు పళ్లు బయటికి వచ్చిన ఒక చిన్న జంతువు తల ఉంటుంది. పఠనం తెలియని రోజుల్లో పండితులు దాన్ని కుందేలుగా తీసుకొని రాజుకు ఆ పేరు పెట్టారు. ఇప్పటికీ మ్యూజియం పలకల మీద, పర్యాటకుల పుస్తకాల్లో అదే కొనసాగుతోంది.

ఆ జంతువు కుందేలు కాదు, గోఫర్. నేలలో సొరంగాలు తవ్వుకుంటూ, బుగ్గల సంచుల్లో మేత దాచుకునే ఎలుకజాతి ప్రాణి అది. మెక్సికో పల్లెల్లో తూసా అంటారు. మాయా భాషలో దాని పేరు "బాహ్". అదే ధ్వనితో "బాహ్" అనే మరో పదముంది, దానికి తల, ముఖం, స్వరూపం అనే అర్థాలున్నాయి. ముఖాన్ని, రూపాన్ని చిహ్నంగా గీయడం కష్టం కనుక లేఖకులు గోఫర్ తల గీశారు. ముందు "ఉ" చేరిస్తే "ఉ బాహ్", అంటే "అతని రూపం". ఆ పేరు మొత్తం "వషక్లహూన్ ఉబాహ్ కవీల్", అంటే "కవీల్ దేవుని రూపాలు పద్దెనిమిది". పేరులో కుందేలూ లేదు, గోఫరూ లేదు.

శాసనాల్లో మీకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జంతువు బహుశా ఈ గోఫరే. రాజు బొమ్మ పక్కన, బందీ తొడమీద, నాట్యం చేసే యువరాజు తలపైన ఉండే చిన్న వాక్యాలు చాలావరకు "ఉ బాహ్" అనే మొదలవుతాయి, ఆ తర్వాత పేరు వస్తుంది. అంటే ఇది ఫొటో కింద రాసే "చిత్రంలో ఉన్నవారు" అన్న మాటకు సమానం. నేను పాఠం చెప్పేటప్పుడు ఏ ఫలకం ఇచ్చినా ముందుగా ఈ ఉ బాహ్ ఎక్కడుందో వెతకమంటాను. అది దొరికితే దాని తర్వాతి గడిలో మనిషి పేరు దొరికినట్టే. "బాహ్"కు మొదటివాడు, పెద్ద అనే అర్థం కూడా ఉంది కనుక అధికారుల బిరుదుల ముందు కూడా ఇదే తల కనిపిస్తుంది. ఇవేవీ కానిచోట అది ఉత్త "బ" అనే అక్షరం.

గోఫర్‌ను పోలిన మరో ఎలుక తల ఉంది. దాని చివర "కో" అనే తోడక్షరం ఉంటే "చోక్" అని చదవాలి. చోక్ అంటే మొలక, యువకుడు, రాజకుమారుడు. రాయి అరిగిపోయిన చోట ఈ రెండు తలలనూ ముఖం చూసి విడదీయడం నా అనుభవంలో దాదాపు అసాధ్యం. కింద "హి" ఉందా "కో" ఉందా అన్నదే తేలుస్తుంది. నిజమైన కుందేలుకు పొడవాటి చెవి తప్పనిసరి. అది లిపిలో కంటే బొమ్మల్లోనే ఎక్కువ. చంద్రదేవత ఒడిలోనూ, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోని ప్రసిద్ధ పాత్ర మీద పుస్తకం ముందు కూర్చొని రాసుకుంటున్న లేఖకుడిగానూ కుందేలును చూడవచ్చు.

కప్ప కథ కూడా ఇలాంటిదే. 1960లో తాత్యానా ప్రొస్కురియాకోఫ్ గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ స్తంభాల తేదీలను వరుసలుగా పేర్చి, ఒక్కొక్క వరుస ఒక మనిషి ఆయుర్దాయానికి మించడం లేదని గమనించింది. ప్రతి వరుసలో మొట్టమొదటి తేదీ పక్కన ముఖం పైకెత్తి నిలువుగా నిలబెట్టిన కప్ప తల ఉంది. అది జననాన్ని సూచిస్తుందని ఆమె చెప్పింది. శాసనాల్లో ఉన్నది దేవతల గాథలు కావు, రాజుల చరిత్ర అని తేల్చిన వ్యాసం అది. ఆ తలను ఎలా పలకాలో ఆమెకు అవసరం లేకపోయింది. ఇప్పుడు దాన్ని "సిహ్" అని, అంటే పుట్టడం అని చదువుతున్నాం. ఇది తెలియక ముందు, 378 జనవరిలో తికాల్‌కు వచ్చి ఆ రాజ్యం గతి మార్చిన ఒక సేనానిని పుస్తకాల్లో "పొగ కప్ప" అని పిలిచేవారు, ఎందుకంటే అతని పేరులో కప్ప తల, దాని మీద మంటలాంటిది ఉన్నాయి. ఇప్పుడు అది "సియహ్ కాక్", అంటే "అగ్ని పుట్టింది". అదే రోజు మరణించిన తికాల్ రాజును "జాగ్వార్ పంజా" అనేవారు, ఇప్పుడు "చక్ తోక్ ఇచాక్" అంటున్నాం. ఇచాక్ అంటే గోరు, పంజా. అంటే పాత పేరు పెట్టినవారు ఇక్కడ చాలావరకు సరిగ్గానే ఊహించారు. పాత పేర్లన్నీ తప్పు కాదు, కానీ ఏది ఒప్పో ఏది తప్పో పఠనం కుదిరేదాకా తెలియదు.

ఈ కప్ప విషయంలో తల ఎటు తిరిగి ఉందన్నది కూడా అర్థాన్ని మారుస్తుంది. పైకెత్తితే జననం. మామూలుగా పడుకున్నట్టుగా, తేదీల మధ్య అంకెతో కలిసి వస్తే, అది ఇరవై రోజుల "వినల్" కాలమానం. సాధారణంగా మాయా శాసనంలోని తలలన్నీ ఎడమవైపు చూస్తాయి, అంటే మనం చదవడం మొదలుపెట్టే వైపు. మీ ఫొటోలో అన్నీ కుడివైపు చూస్తుంటే, ఫొటో తిరగబడి ముద్రణ అయిందేమో ముందు చూసుకోండి. తిరగబడలేదని తేలితే మీ ముందున్నది అరుదైన అద్దపు రాత. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న యాష్చిలాన్ 25వ ద్వారబంధం మీద ఇలాంటి రాత ఉంది.

ఆ ద్వారబంధమే చేపల గురించి చెప్పడానికి కూడా పనికివస్తుంది. అందులో చేపను పట్టుకున్న చేయి ఉన్న గడి ఒకటుంది. చేపలు పట్టడం గురించి కాదది. దాన్ని "ట్సక్" అని చదువుతారు, అంటే దైవాన్ని ఆవాహన చేయడం. రాణి ముందు పొగలోంచి లేస్తున్న మహాసర్పం నోట్లోంచి ఒక యోధుడు బయటపడుతున్న దృశ్యానికి ఆ క్రియ సరిగ్గా సరిపోతుంది. ఆ రాణి పేరు కబల్ షోక్. షోక్ అంటే సొరచేప, అది మరో చేప తల. ఇవి రెండూ కాక మూడో చేప ఉంది, అది "క" అనే అక్షరం. చేపకు "కయ్" అని పేరు, దాని మొదటి అక్షరం నుంచి ఆ విలువ వచ్చింది. చేప మొత్తం గీయవచ్చు, లేదా దువ్వెన పళ్లలా కనిపించే దాని రెక్క ఒక్కటే గీయవచ్చు. గ్వాటెమాలాలోని రియో అసుల్‌లో 1984లో ఒక సమాధి నుంచి మూత తిప్పి బిగించే మట్టిపాత్ర దొరికింది. దాని మీద రెక్క, చేప, "వ" వరుసగా ఉన్నాయి. మాయా లిపి పండితుడు డేవిడ్ స్టూవర్ట్ దాన్ని క-క-వ, అంటే "కకవ్", కోకో అని చదివాడు. తర్వాత హెర్షీ కంపెనీ ప్రయోగశాలలో పాత్ర లోపలి అవశేషాలను పరీక్షిస్తే కోకోలో ఉండే థియోబ్రోమిన్, కెఫీన్ రెండూ కనిపించాయి. ఒక పఠనానికి రసాయన పరీక్ష సాక్ష్యం పలకడం మా రంగంలో అరుదైన భాగ్యం. కుండల అంచుల మీద చేప కనిపిస్తే అది వంటకం పేరు కాదు, తొంభై పాళ్లు కోకో మొదటి అక్షరమే. చేప ఒక్కటే ఉండి దాని పక్కన రెండు చిన్న చుక్కలుంటే ఆ అక్షరాన్ని రెండుసార్లు చదవమని అర్థం.

ఎంత పెద్ద పండితుడినైనా జంతువు దారి తప్పించగలదనడానికి కూడా చేపే ఉదాహరణ. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఈ రంగాన్ని శాసించిన ఎరిక్ థాంప్సన్, తేదీల మధ్య వచ్చే ఒక చేప తలను షోక్ అనే చేపగా గుర్తించి, యుకటెక్‌లో "షోక్" అంటే లెక్కించడం కూడా కనుక అది లెక్కకు సంకేతమని వాదించాడు. వాదన చక్కగా ఉంది. ఒకే ధ్వని గల పదాలను వాడుకోవడమనే సూత్రం కూడా సరైనదే. కానీ చుట్టూ ఉన్న చిహ్నాలను అక్షరాలుగా చదవడం మొదలయ్యాక ఆ తల ఉత్త "ఉ" అని, దాని పక్కనున్న "తి"తో కలిసి "జరిగింది" అనే క్రియ అవుతుందని తేలింది. థాంప్సన్ అక్షరచిహ్నాలనే అంగీకరించలేదు, అందువల్ల తోడుగా ఉన్న "తి"ని అడగాలన్న ఆలోచన ఆయనకు రాలేదు.

పాము గురించి కొంచెమే చెబుతాను. మాయా శాసనాల భాషలో పాముకు "చన్", ఆకాశానికి "చన్", నాలుగుకూ "చన్". 1984లో స్టీఫెన్ హ్యూస్టన్ ఈ మూడు చిహ్నాలూ ఒకదాని బదులు ఒకటి వస్తాయని చూపించాడు. కనుక పాము తల ఉన్నచోట ఆకాశం అన్న అర్థం కూడా పరీక్షించాలి. యుకటెక్ వైపు ఇదే పదం "కాన్" అవుతుంది. కలక్‌ముల్‌ను ఏలిన మహాసర్ప వంశపు చిహ్నంలో పాము తల ముందు "క" అనే తోడక్షరం పెట్టారు, ఇక్కడ "చన్" అనకు, "కాన్" అను అని పాఠకుడికి చెప్పడానికి.

పక్షుల దగ్గర మాత్రం ఆగక తప్పదు, ఎందుకంటే గుర్తుపట్టడంలో అసలు చిక్కులన్నీ ఇక్కడే. వంకర ముక్కు ఉన్న తల రాబందు కావచ్చు, మకావ్ చిలుక కావచ్చు, గుడ్లగూబ కావచ్చు, ఆఖరికి తాబేలు కూడా కావచ్చు. మకావ్‌కు కంటి చుట్టూ చుక్కల వలయం ఉంటుంది, అది "మో". కెట్సాల్ పక్షికి నెత్తిన ఈకల కుచ్చు ఉంటుంది, అది "కుక్". తేనెపిట్ట ముక్కుకు తరచు ఒక పువ్వు గుచ్చి ఉంటుంది. రాబందు "తి" అనే అక్షరం, కానీ అదే రాబందు నుదుటికి రాజచిహ్నమైన పట్టీ కడితే "అహవ్", అంటే ప్రభువు. ఇలా ఒక్క అలంకారంతో పఠనం మొత్తం మారిపోతుంది కనుక ముఖం కంటే ముందు నుదురు, కన్ను, చెవి చూడండి. లేఖకులు జాతిని సూచించే గుర్తును ఆ మూడు చోట్లే పెడతారు.

కొన్నిచోట్ల రెండు జంతువులను ఒకే తలలో కలిపేస్తారు. కోపాన్ రాజవంశ స్థాపకుడు కినిచ్ యష్ కుక్ మో 426లో అధికార చిహ్నం అందుకున్నాడని, 776లో చెక్కిన క్యూ అనే పీఠం చెబుతుంది. ఆయన పేరును మకావ్ కన్ను, కెట్సాల్ కుచ్చు ఉన్న ఒకే పక్షితలగా కూడా రాశారు. ఇటువంటి పక్షి ప్రకృతిలో ఎక్కడుందని వెతకరాదు. అవి ఒకదాని మీద ఒకటి పెట్టి రాసిన రెండు పదాలు.

కోపాన్ మకావ్ గురించి మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన మాట ఉంది. వషక్లహూన్ ఉబాహ్ కవీల్ 731లో నిలబెట్టిన బి స్తంభం పైమూలల్లో పొడవుగా వంగిన రెండు ముక్కులున్నాయి, వాటి దగ్గర తలపాగా చుట్టిన చిన్న మనుషులు ఉన్నారు. 1924లో గ్రాఫ్టన్ ఇలియట్ స్మిత్ అనే శరీరశాస్త్రవేత్త అవి భారతదేశపు ఏనుగుల తొండాలని, ఆ మనుషులు మావటివాళ్లని వాదిస్తూ ఒక పుస్తకమే రాశాడు. అప్పటికే చాలామంది అవి మకావ్ ముక్కులని చెప్పారు. ఆ కళ్ల చుట్టూ ఉన్న వలయం, ముక్కు మొదట్లో ఉన్న రంధ్రం ఏనుగుకు పొసగవు. ఇప్పుడు ఆ స్తంభం మీది రాతే చదవగలుగుతున్నాం, అందులో "మో విట్స్", మకావ్ కొండ అని స్థలం పేరు ఉంది. అయినా వాట్సాప్‌లో ఆ ఫొటో "మాయా దేశంలో మన ఏనుగులు" అన్న శీర్షికతో ఏటా తిరుగుతూనే ఉంటుంది. మీకు కూడా వచ్చి ఉంటే పంపినవారికి మో విట్స్ సంగతి చెప్పండి.

మీరు అడిగిన గబ్బిలం విషయం. ముక్కు మీద ఆకులాంటి పొడుపు ఉన్న ఆ తల రెండు చోట్ల ఎక్కువగా వస్తుంది. తేదీలో అంకెతో కలిసి వస్తే అది "సూట్స్" అనే నెల పేరు, ఆ పదానికి గబ్బిలమనే అర్థం. రెండోది కోపాన్ రాజ్య చిహ్నం. 1958లో హైన్రిక్ బెర్లిన్ ఒక్కొక్క నగరానికీ ఒక్కొక్క ప్రత్యేక చిహ్నం ఉందని గుర్తించినప్పుడు కోపాన్‌కు దక్కింది ఈ గబ్బిలమే. కానీ దాని కింద "కు", "పి" అనే అక్షరాలున్నాయి కనుక దాన్ని సూట్స్ అని చదవడానికి వీల్లేదు. అక్కడ ఆ తల మరో ధ్వనికి నిలుస్తోంది. పండితులు కొన్ని పఠనాలు ప్రతిపాదించారు గానీ అందరూ ఒప్పుకున్నది లేదు. మీ ఫొటోలోని గబ్బిలం ముందు బిందువుల ధార, పైన అహవ్ చిహ్నం ఉంటే అది ఈ రాజ్య చిహ్నమే.

ఇంకొక జాగ్రత్త. స్తంభం పైభాగంలో మొదటి గడుల్లో కనిపించే పెద్ద పెద్ద జంతువుల మీద మీ శ్రమ పెట్టకండి. అవి చాలావరకు తేదీలు. 400 ఏళ్ల కాలమానానికీ, 20 ఏళ్ల కాలమానానికీ పక్షితలలు, వినల్‌కు కప్ప, రోజుకు ఒక్కోసారి కోతి. కోపాన్‌లోని 736 నాటి డి స్తంభం మీద ఇవి తలలుగా కాక పూర్తి శరీరాలతో, బరువులు మోస్తున్నట్టు కూర్చొని ఉంటాయి. చూడటానికి అద్భుతంగా ఉంటాయి, అయితే వాటి నుంచి వచ్చే సమాచారం ఒక తేదీ మాత్రమే.

అభ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలంటే, శిలాస్తంభాలతో మాత్రం వద్దు. డ్రెస్డెన్ గ్రంథాలయం తన కోడెక్స్ మొత్తాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. అందులో బొమ్మ కిందా పైనా చిన్న వాక్యాలుంటాయి కనుక పఠనాన్ని బొమ్మతో సరిచూసుకోవచ్చు. క్నోరోజొవ్ చేసిన టర్కీ, కుక్క ఉదాహరణలను మీరే వెతికి పట్టుకోండి. తర్వాత హార్వర్డ్ పీబాడీ మ్యూజియం వారి శాసనాల సంకలనంలోని యాష్చిలాన్ ద్వారబంధాలకు రండి. అక్కడ ప్రతి ఫలకానికీ ఫొటో, రేఖాచిత్రం పక్కపక్కనే ఉంటాయి. థాంప్సన్ 1962లో ఇచ్చిన చిహ్నాల సంఖ్యలను అందరూ ఇప్పటికీ వాడుతున్నారు. 2003 నాటి మాక్రీ, లూపర్ సూచికలో జంతువులూ పక్షులూ విడి వర్గాలుగా ఉన్నాయి కనుక కొత్తవారికి వెతకడం తేలిక. ఒక్కొక్క తలనూ కళ్లతో చూసి వదిలేయకుండా పెన్సిలుతో గీయండి. చెవిలోని మచ్చ, నుదుటి పట్టీ, కంటి చుట్టూ ఉన్న చుక్కలు గీసేటప్పుడే కనిపిస్తాయి. గీశాక పక్కనున్న చిన్న చిహ్నాలను కూడా గీయండి, వాటి విలువలు రాసుకోండి, ఆ తర్వాతే జంతువు పేరు రాయండి. ఏదైనా గడి దగ్గర ఆగిపోతే స్తంభం పేరు, గడి సంఖ్య ఇక్కడ రాయండి. ఫొటో కంటే రేఖాచిత్రం పెడితే నాకూ, చదివే మిగతావారికీ చెప్పడం సులువవుతుంది.